కిల్లారి నేర్పిన పాఠం: పల్లెల్లో భూకంప సన్నద్ధత

1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున, గణేశ్ నిమజ్జనం ముగిసి జనం గాఢనిద్రలో ఉండగా, మహారాష్ట్రలోని లాతూర్, ఉస్మానాబాద్ జిల్లాలను కిల్లారి గ్రామం కేంద్రంగా వచ్చిన భూకంపం కుదిపేసింది. వేలమంది మరణించారు.

- తీవ్రత: సుమారు 6.2
- అధిక ప్రాణనష్టానికి కారణం: మట్టితో పేర్చిన మందపాటి రాతిగోడలు, బరువైన మట్టికప్పులు
- అవగాహన లోపం: అప్పటి భూకంప ముప్పు పటంలో ఆ ప్రాంతం అతి తక్కువ ముప్పున్న జోన్-1. 2002లో ఆ జోన్‌ను తొలగించారు. ఆ సవరణలో లాతూర్ జోన్-3లోకి వచ్చింది.
- నిర్మాణ జాగ్రత్త: గోడ రెండు ముఖాలనూ కలిపే పొడవాటి రాళ్లు, గోడల చుట్టూ కాంక్రీటు పట్టీ
- ప్రకంపనల వేళ: ఇంట్లో ఉంటే బల్ల కింద తలదాచుకోవాలి, ఆరుబయట ఉంటే గోడలకు, కరెంటు స్తంభాలకు దూరంగా ఉండాలి.

తెలుగు నేలపై వచ్చిన భూకంపాలు (తీవ్రతతో): 1969లో భద్రాచలం (5.7), 2024 డిసెంబరు 4న ములుగు (5.3).