సెలవు రోజున ఆయాసం తగ్గుతోందా?

నరసాపురం చుట్టుపక్కల ఊళ్ల నుంచి తెల్లవారకుండానే వ్యాన్లెక్కి రొయ్యల ప్లాంట్లకు వెళ్లే అక్కాచెల్లెళ్లకు ఈ నాలుగు మాటలు. డ్యూటీలో ఆగని దగ్గు, ఛాతీ పట్టేసినట్టుండటం, రాత్రి పడుకుంటే పిల్లికూతలు. ఐసు చలికి జలుబు చేసిందిలే అని సరిపెట్టుకుంటారు. కానీ రొయ్య తలలు తీసేటప్పుడు, ఉడికించేటప్పుడు, బల్లలు పైపుతో జోరుగా కడిగేటప్పుడు రొయ్య ప్రోటీను సన్నటి తుంపరలో కలిసి గాల్లోకి లేస్తుంది. అది పడనివాళ్లకు కొన్ని నెలలకో ఏళ్లకో ఉబ్బసం పట్టుకోవచ్చు. క్లోరిన్ ఘాటు దాన్ని ఇంకా రేపుతుంది.

సెలవు రోజున, పండక్కి పుట్టింటికెళ్లినప్పుడు తేలిగ్గా ఉండి, మళ్లీ పనిలోకెళ్లగానే మొదలైతే పనిని అనుమానించాలి. కొందరికి ఆయాసం ఇంటికొచ్చాక సాయంత్రం వస్తుంది, అందుకే పోల్చుకోలేరు. పీక్ ఫ్లో మీటరని చిన్న గొట్టం దొరుకుతుంది. గుండెల నిండా గాలి పీల్చి ఒక్కసారిగా గట్టిగా ఊదాలి. మూడుసార్లు ఊది పెద్ద అంకె రాసుకోండి. ఇలా రోజుకు నాలుగుసార్లు, మూణ్నాలుగు వారాలు, పని రోజులూ సెలవులూ కలిపి. ఆ నోటుపుస్తకం డాక్టరుకు చాలా పనికొస్తుంది. పరీక్షలు తేలకముందే పని మానేయకండి, మానేస్తే కారణం పట్టుకోవడం కష్టం. ఆయాసం తీవ్రంగా ఉంటే మాత్రం ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఉబ్బసమని తేలితే డాక్టరు ఇన్‌హేలర్లు రాస్తారు. వాటిలో నీలం ఇన్‌హేలరు అప్పటికప్పుడు ఊపిరి అందిస్తుందే తప్ప లోపలి వాపు తగ్గించదు. వాపుకు డాక్టరు రాసిన స్టెరాయిడ్ ఇన్‌హేలరు బాగున్న రోజున కూడా పీల్చాలి. అలవాటైపోతుందన్న భయం వద్దు. స్పేసరు పెట్టుకుంటే మందు గొంతులో ఆగిపోకుండా ఊపిరితిత్తులకు చేరుతుంది. పీల్చాక నోరు పుక్కిలించండి. నీలం మందు వారంలో రెండుసార్లు మించి అవసరపడితే జబ్బు అదుపులో లేనట్టే. మృగశిర కార్తెకు ఉబ్బసానికని చేపమందు వేయించుకునేవాళ్లు కూడా ఇన్‌హేలరు ఆపొద్దు. నాలుగు మాటలు వరసగా అనలేకపోయినా, పెదవులు నీలంగా మారినా 108కి ఫోన్ చేయండి.

పనిలో ముక్కుకు గుడ్డ కట్టుకుంటే రొయ్యల తుంపర ఆగదు, ఎన్-95 మాస్కు కొంత నయం. అసలు మందు ఆ గాలికి దూరం కావడమే, అదీ తొందరగా. ఏళ్లు గడిచాక మారితే జబ్బు పూర్తిగా వదలకపోవచ్చు. అందుకే డాక్టరు కాగితం పట్టుకుని, తుంపర లేని సెక్షనుకు మార్చమని సూపర్‌వైజరును అడగండి. జీతంలో ఈఎస్‌ఐ కటింగ్ ఉంటే ఆ కార్డు మీదే చూపించుకోండి. పని వల్ల వచ్చే ఆస్తమా చట్టంలోని వృత్తి వ్యాధుల జాబితాలో ఉంది, ఏ పని చేస్తున్నారో డాక్టరు చీటీలో రాయించుకోండి.