ఎ, యాన్, ద : నాకు అర్థమైన సంగతి



పోయిన ఏడాది నేను ఇంగ్లీషు ఉపన్యాస పోటీకి పోయినాను. స్టేజీ ఎక్కి "ఐ యామ్ ఎ ఎస్టీ గర్ల్" అన్నాను. ముందు వరుసలో ఇద్దరు ముగ్గురు నవ్వినారు. అంతే, మిగతా పాఠమంతా మర్చిపోయి దిగేసినాను. ఎస్టీ అన్నందుకు నవ్వినారా, తప్పు మాట్లాడినందుకా అని రాత్రంతా ఏడ్చినాను. తప్పు ఉన్న మాట నిజమేనని మా ఇంగ్లీషు మేడం చెప్పినారు. "ఎ" కాదంట, "యాన్" అంట. మా ఇంట్లో అడుగుదామంటే బడి మొహం చూసింది నేనే మొదట. అందుకే సొంతంగా పట్టు పట్టినాను.

ఎ, ఇ, ఐ, ఓ, యు అక్షరాల ముందు యాన్ అని మనం బట్టీ పడతాం. మరి ఎస్ ఆ అయిదింటిలో లేదు కదా! చూడాల్సింది అక్షరాన్ని కాదు, నోట్లో వచ్చే శబ్దాన్ని. ఆ మాటను తెలుగులో రాసి చూడండి. మొదట అచ్చు వస్తే యాన్, హల్లు వస్తే ఎ. ఎస్టీలో మొదట "ఎ" అచ్చు, కాబట్టి యాన్ ఎస్టీ గర్ల్. అదే పూర్తిగా చెప్తే ఎ షెడ్యూల్డ్ ట్రైబ్ గర్ల్. పిల్ల అదే, ముందర మాట మారింది. యాన్ అవర్ (హెచ్ రాస్తాం గానీ పలకం), ఎ యూనివర్సిటీ, ఎ వన్ రుపీ కాయిన్, యాన్ ఎమ్మెల్యే.

ఒక్కచోట ఈ ఉపాయం మోసం చేస్తుంది. మనం ఆపిల్‌ను యాపిల్ అంటాం. నేను ఆరో తరగతిలో "ఎ యాపిల్" అని రాసింది అందుకే. ఇంగ్లీషులో అక్కడ "య" పలకరు. ఆ మాటకొస్తే యాన్‌లో కూడా "య" లేదు, తెలుగులో రాయడానికి సరైన అక్షరం లేక అట్లా రాస్తాన్నాం.

ఇంక "ద". ఇది తెలుగులో లేదంటారు గానీ పనికి తగ్గ ఏర్పాటు మనకూ ఉంది. "ఇంట్లో పాము ఉంది" అంటే ఏదో పాము. "పాము ఇంట్లో ఉంది" అంటే మనం ఇంతసేపూ వెతుకుతాన్న పామే. మనం మాటల వరస మారుస్తాం. ఇంగ్లీషులో మొదటిది ఎ స్నేక్, రెండోది ద స్నేక్. కానీ "ఆ" ఉన్నచోటే ద అనుకోవద్దండి. మనం ఆ సూర్యుడు అనం, వాళ్ళు ద సన్ అంటారు. ఒక్కడే కాబట్టి.

పుట్టపర్తి ఈజ్ ఎ టౌన్. ఇట్లాంటి టౌన్లు చాలా ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడినప్పటి నుంచి అది జిల్లా కేంద్రం, జిల్లాకు కేంద్రం ఒక్కటే, కాబట్టి ద హెడ్‌క్వార్టర్స్. పుట్టపర్తి, పెనుకొండ, ధర్మవరం పేర్లకు ముందర ఏమీ పెట్టకూడదు. ఏటికి మాత్రం పెట్టాలి: ద చిత్రావతి. ఊరికి లేని మర్యాద ఏటికి ఎందుకో!

ఈ ఏడాది మళ్ళీ పోటీకి పేరు ఇచ్చినాను. మొదటి వాక్యం అదే.

కింద పెన్సిల్‌తో రాయండి, జవాబులు వచ్చే సంచికలో:
___ యూనిఫాం, ___ అంబ్రెల్లా, ___ ఎన్.సి.సి. క్యాడెట్, ___ మూన్.

తొమ్మిదవ తరగతి విద్యార్థిని