చూసినది, విన్నది: 1641 ఐర్లండ్ వాంగ్మూలాలు



ఇంట్లో దొంగలు పడితే పోలీసుస్టేషన్లో ఇచ్చే ఫిర్యాదు ఎలా ఉంటుందో మీకు తెలుసు. పేరు, ఊరు, పోయిన వస్తువులు, వాటి ఖరీదు, అనుమానం ఎవరిమీద. ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీలో ఇంచుమించు ఇలాంటి కాగితాలే 31 సంపుటాలు భద్రంగా ఉన్నాయి. అందులో ఉన్నవి సుమారు 8,000 పత్రాలు. వాంగ్మూలం ఇచ్చినవారు దాదాపు అందరూ ప్రొటెస్టెంట్లు. నిందితులు కతోలికులు, అంటే మనవాళ్లు. మనకు చేదుగా ఉండే విషయం కాబట్టే దీనిని ఈ వారం పాఠంగా తీసుకున్నాను.

ముందు కారణం చెప్పుకుందాం. 1607లో ఉత్తర ఐర్లండ్‌కు చెందిన కతోలిక ప్రభువులు దేశం విడిచి వెళ్లిపోయారు. 1609 నుండి అల్‌స్టర్ ప్రాంతంలోని వారి భూములను ఇంగ్లండ్, స్కాట్లండ్ నుండి వచ్చిన ప్రొటెస్టెంట్ వలసదారులకు పంచిపెట్టారు. సొంత నేలమీద కౌలుదారులైనవారి కడుపుమంట ముప్పై ఏళ్లు రగిలింది. 1641 అక్టోబరు 22 రాత్రి సర్ ఫెలిమ్ ఓనీల్ మొదలైనవారు తిరుగుబాటు ప్రారంభించారు. కోటలు పట్టుకుని రాజుతో బేరమాడాలన్నది నాయకుల ఆలోచన. అయితే జనం కోపం వారి చేతుల్లో నిలవలేదు. వలసదారుల ఇళ్లు దోచారు, ఒంటిమీది బట్టలు కూడా ఊడదీసి చలికాలంలో రోడ్డుమీదకు తరిమారు. బతికినవారిలో చాలామంది డబ్లిన్ చేరుకున్నారు.

ఆ ఏడు డిసెంబరు 23న ప్రభుత్వం హెన్రీ జోన్స్ అనే ప్రొటెస్టెంట్ డీన్ నాయకత్వంలో ఎనిమిదిమంది బోధకులతో ఒక కమిషన్ వేసింది. మొదట ఆస్తినష్టం మాత్రమే రాయమన్నారు. 1642 జనవరిలో హత్యలను కూడా చేర్చారు. ఆవులు, గుర్రాలు, ధాన్యం, గడ్డివాములు, కౌలు పత్రాలు, దుప్పట్లు, అన్నిటికీ వెలకట్టారు. నన్ను ఎక్కువగా ఆపింది బాకీల లెక్క. అప్పు తీసుకున్నవాడు చాలాసార్లు పక్కింటి కతోలికుడే. ఇప్పుడతడు తిరుగుబాటుదారుడు, ఆ బాకీ ఇక రాదు. నిన్న మంచిచెడ్డలకు కలిసి కూర్చున్న పేర్లే దోపిడీదారుల జాబితాలో కనిపిస్తాయి.

విలియమ్ క్లార్క్ అనే వలసదారుడి వాంగ్మూలం చూడండి. తనను సుమారు నూరుమంది స్త్రీ పురుషులు, పిల్లలతో పాటు తొమ్మిది రోజులు నిర్బంధించారని, తరువాత ఆరు మైళ్లు పందుల్ని తోలినట్టు తోలుకుంటూ బాన్ నదిమీది పోర్టడౌన్ వంతెన దగ్గరకు తెచ్చారని అతడు చెప్పాడు. వంతెన మధ్యలో తెగి ఉంది. బల్లేలతో పొడుస్తూ అందరినీ నీళ్లలోకి నెట్టారు. ఈదుకుంటూ ఒడ్డుకు వచ్చినవారినీ బతకనివ్వలేదు. పదిహేను పౌండ్లు ఇచ్చి తాను తప్పించుకున్నాడు. ఇది 1641 నవంబరు నాటి సంగతి.

అదే వంతెన దగ్గర తన ఐదుగురు బిడ్డలు మునిగిపోయారని ఎలిజబెత్ ప్రైస్ అనే తల్లి చెప్పింది. తరువాత ఆ నదిలో నడుముదాకా లేచి నిలబడి, ప్రతీకారం అని అరిచిన స్త్రీ రూపాన్ని చూశానని కూడా చెప్పింది. ఈ మాట పట్టుకుని ఆమె సాక్ష్యం మొత్తాన్ని కొట్టిపారేసినవారున్నారు. నేను అలా చేయలేను. ఐదుగురు బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లి ఆ ఒడ్డున ఏమి చూసిందో ఏ తర్కంతో కొలుస్తాం?

అలాగని తర్కం వద్దనడం లేదు. సెమినరీలో తత్వశాస్త్రం చదివేటప్పుడు ప్రమాణాల గురించి నేర్చుకున్నాం. ప్రత్యక్షం వేరు, శబ్దం వేరు. కంటితో చూసినది ప్రత్యక్షం, నమ్మదగినవాడి నోట విన్నది శబ్దం. ఈ వాంగ్మూలాల్లో రెండూ కలిసిపోయి ఉన్నాయి. తన ఆవులు ఎవరు తోలుకుపోయారో రైతుకు తెలుసు. పక్క జిల్లాలో ఎందరు చనిపోయారో అతనికి తెలిసింది దారిలో విన్న మాటల వల్లనే.

ఆ విన్న మాటలనే తీసుకుని 1646లో సర్ జాన్ టెంపుల్ పుస్తకం రాశాడు. మూడు లక్షలమంది చంపబడ్డారో, నాశనమయ్యారో, వెళ్లగొట్టబడ్డారో అన్నాడు. ఆనాడు ఐర్లండ్ అంతటా కలిపినా అంతమంది ప్రొటెస్టెంట్ వలసదారులు లేరు. చంపబడినవారు కొన్ని వేలమందని, చలికి, ఆకలికి, రోగాలకు మరికొన్ని వేలమంది పోయారని ఇప్పటి చరిత్రకారుల అంచనా. కానీ పెంచిన లెక్కే రాజ్యమేలింది. 1649లో ద్రోహెడా పట్టణంలో జరిపిన ఊచకోత, అమాయకుల రక్తం చిందించినవారిపై దేవుని తీర్పు అని క్రామ్‌వెల్ రాశాడు. ఆ ద్రోహెడా 1641–42లో తిరుగుబాటుదారుల ముట్టడికి లొంగకుండా నిలిచిన పట్టణం! తరువాత కతోలికుల భూములు పెద్దఎత్తున లాక్కున్నారు.

ఇక మనవాళ్లు చేసిన తప్పు వేరొకటి. లెక్క పెంచారు కాబట్టి అసలు ఏమీ జరగలేదన్న కతోలిక రచయితలు ఉన్నారు. 1642 జనవరిలో ఐలండ్‌మగీలో కతోలికులను చంపిన సంగతి చెప్పి పోర్టడౌన్‌ను దాటవేశారు. ఎనిమిదవ ఆజ్ఞ అబద్ధ సాక్ష్యం చెప్పవద్దంటుంది. ఉన్నదాన్ని లేదనడం కూడా అందులోకే వస్తుంది కదా.

ఆ చీకటిలో వేరేలా నడుచుకున్నవారూ ఉన్నారు. కిల్మోర్ ప్రొటెస్టెంట్ బిషప్ విలియమ్ బెడెల్ పాత నిబంధనను ఐరిష్ భాషలోకి అనువదింపజేసినవాడు. పారిపోయి వచ్చినవారికి తన ఇంట ఆశ్రయమిచ్చాడు. తిరుగుబాటుదారులు ఆయనను బంధించారు. కొంతకాలానికి విడిచిపెట్టారుగాని, 1642 ఫిబ్రవరిలో ఆయన జ్వరంతో మరణించాడు. అప్పుడు ఆ తిరుగుబాటుదారులే సమాధి దగ్గర నిలబడి తుపాకులు పేల్చి గౌరవించారు. కాషెల్ పట్టణంలో ప్రొటెస్టెంట్లను దాచి కాపాడిన కతోలిక గురువులు ఉన్నారు. ఈ సంగతులు కూడా ఆ వాంగ్మూలాల కాలం నాటివే.

2010 అక్టోబరులో ఈ పత్రాలన్నిటినీ ఎవరైనా చదువుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టి, డబ్లిన్‌లో ప్రదర్శన ఏర్పాటు చేశారు. ప్రారంభించినది ఐర్లండ్ అధ్యక్షురాలు మేరీ మెకలీస్, బెల్ఫాస్ట్‌లో పుట్టిన కతోలిక స్త్రీ. ఆ సభకు వచ్చినవారిలో ఇయాన్ పెయిస్లీ ఉన్నాడు. జీవితమంతా కతోలిక శ్రీసభకు వ్యతిరేకంగా ప్రసంగించిన ప్రొటెస్టెంట్ పాస్టరు ఆయన.