నిద్రావేళలును విద్యార్థులును

వేకువను నాలుగు గంటలకు లేచి చదువనివాడు సోమరి యని మేము చాలకాలము తలంచుచుంటిమి. మొదటి పీరియడులో కునికిపాట్లు పడిన బాలుని బెంచీ యెక్కించిన దినములును గలవు. ఇప్పుడు దానికి చింతించుచున్నాము. ఏలయనగా మెలకువయు నిద్రయు కేవలము మనస్సునకు లోబడినవి కావు. దేహములోపల నొక గడియారము కలదు.

1729లో దె మైరాన్ అను ఫ్రాన్సుదేశపు శాస్త్రజ్ఞుడు, తాకిన ముడుచుకొను మొక్క నొకదానిని చీకటిలో నుంచి చూచెను. ఎండ సోకకున్నను దాని యాకులు పగలు విచ్చుకొని, రాత్రి ముడుచుకొనుచునే యుండెను. మనుష్యులలో నీ గడియారము మెదడు అడుగుభాగమున నున్నది. సుమారు 20,000 కణములు గల యీ చిన్న ముద్ద, అనేకులలో 24 గంటలకంటె కొంచె మాలస్యముగా తిరుగును. గోడగడియారమును ప్రతిదినము సరిదిద్దునట్లు ఉదయకాలపు వెలుతురు దీనిని ముందునకు త్రిప్పును. రాత్రి దీపము, అందులో ఫోను వెలుగు, మరింత వెనుకకు నెట్టును.

1938లో క్లీట్‌మన్ అను ఆచార్యుడును, ఆయన శిష్యుడు రిచర్డ్‌సనును అమెరికాలోని మామత్ గుహలో 32 దినములు నివసించి, 28 గంటల దినమును అలవరచుకొన యత్నించిరి. యౌవనస్థుడగు శిష్యుడు అలవరచుకొనెను. నలువదిమూడేండ్ల గురువు దేహము 24 గంటల దినమును విడువనేలేదు. (ఇది మా యీడువారి కాశ్చర్యము గొలుపదు.)

యౌవనారంభమున ఈ గడియారము వెనుకబడును. నిద్ర ఆలస్యముగా వచ్చును; అయినను పదుమూడు మొదలు పదునెనిమిదేండ్లవారికి 8 మొదలు 10 గంటల నిద్ర కావలెను. పదునొకండు గంటలకు నిద్రించినవానిని నాలుగింటికి లేపిన తల్లిదండ్రులు లెక్క వేసికొందురు గాక. ఈ హేతువుచేతనే కాలిఫోర్నియా రాష్ట్రమున 2022 నుండి ఉన్నత పాఠశాలలలో అధికభాగము 8.30కి ముందు తెరువరాదని చట్ట మమలులోనికి వచ్చినది. వేకువ ప్రార్థనలో కునికిన బాలుని భక్తిహీనుడని యెంచుటయు న్యాయము కాదు.

మన గంట వేళ మారదు గనుక, చేయదగినది కొంత కలదు. సెలవులలో ఎవరును లేపక ఒక వారము విడిచినచో బిడ్డ సహజముగా మేల్కొను వేళ తెలియును. ఉదయపు చదువు గదిలో దీపముక్రింద గాక వరండాలో వెలుతురున సాగవలెను. రాత్రి భోజనము ముందుగా ముగింపవలెను. ఆదివారమున మధ్యాహ్నమువరకు నిద్రించినవానికి సోమవారము కష్టమగును. కఠినమైన పాఠము మనస్సు తేటగా నున్న వేళకే ఉంచవలెను.

ఈ సంవత్సరమున మా తరగతి గణితమును మొదటి పీరియడునుండి మూడవదానికి మార్చితిమి. కునుకు పూర్తిగా పోలేదు గాని, తగ్గినది.