చలికి మొరాయించే బండి

పొద్దుగాల తుక్కుగూడ దగ్గర శ్రీశైలం రోడ్డు మీద నిలబడి చూడండి. పాల క్యాన్లు, ఆకుకూరల మూటలు, పూల గంపలు పట్నం దిక్కు పోతుంటాయి. పాత మోపెడ్లు ఇప్పటికీ ఆ బరువు మోస్తున్నాయి. బజాజ్ చేతక్ స్కూటర్ 1972లో వచ్చింది. టీవీఎస్ 50 మోపెడ్ 1980లో వచ్చింది. అప్పటి నుంచి ఇట్లాంటి బండ్లు పల్లెల్లో ఎన్నో ఇండ్లకు చేరాయి.

ఎండాకాలంలో ఈ బండ్లు ఒక్క కిక్కుకే లేస్తాయి. డిసెంబరు చలిలో మొరాయిస్తాయి. కిక్కు కొట్టీ కొట్టీ కాలు గుంజుతది. పొద్దెక్కి పోతే కూరలకు ధర రాదు. "జర నువ్వు కొట్టు" అని ఇంట్లో మగవాళ్లను లేపాల్సి వస్తుంది. అక్కలారా, ఇక్కడ కాలి బలం కంటే చోక్ సంగతి తెలిస్తే ఎక్కువ పని జరుగుతుంది.

ముందు ఒక పెద్ద మాట చదవండి. కా-ర్బ్యు-రే-ట-ర్. ఇప్పుడు కలిపి చదవండి. కార్బ్యురేటర్. కొందరు దీన్ని కార్పొరేటర్ అంటారు. కార్పొరేటర్ అంటే ఓట్లు అడగడానికి వచ్చే మనిషి! కార్బ్యురేటర్ ఇంజనుకు వంటమనిషి వంటిది. గాలిని, పెట్రోలును కలిపి ఇంజనుకు పెడుతుంది. ఒక కిలో పెట్రోలు సరిగ్గా మండాలంటే సుమారు 15 కిలోల గాలి కావాలి. గాలికి కూడా బరువు ఉంటుంది.

ఇంజను తిరిగేటప్పుడు గాలిని లోపలికి గుంజుతుంది. ఆ గాలి కార్బ్యురేటర్ గొంతులో నుంచి పోతుంది. గొంతు నడుమ సన్నగా ఉంటుంది. ఇరుకు సందులో గాలి జోరుగా కొడుతుంది కదా, అక్కడ కూడా అంతే. గాలి జోరు పెరిగిన చోట ఒత్తిడి తగ్గుతుంది. అప్పుడు కింద చిన్న గిన్నెలో ఉన్న పెట్రోలు సన్నని గొట్టంలో పైకి లేస్తుంది. తుంపరగా గాలిలో కలుస్తుంది.

మరి చలిలో ఏమవుతుంది? పెట్రోలు ఆవిరి అయితేనే ఇంజనులో మంట అంటుకుంటుంది. ఉతికిన చీర ఎండాకాలంలో ఎంతసేపట్లో ఆరుతుంది? చలికాలంలో ఎంతసేపు పడుతుంది? పెట్రోలు కూడా అట్లనే. చల్లని ఇంజనులో కొంచెమే ఆవిరి అవుతుంది. మిగిలింది గోడలకు తడిగా అంటుకుంటుంది. ప్లగ్ నిప్పురవ్వ ఇస్తుంది, కాని మంట అంటదు.

అప్పుడు చోక్ కావాలి. గాలి వచ్చే దారిలో ఒక చిన్న రేకు ఉంటుంది. చోక్ వేస్తే ఆ రేకు దారిని మూస్తుంది. ఇంజను మాత్రం గుంజుతూనే ఉంటుంది. గాలి చాలినంత దొరకదు కాబట్టి పెట్రోలును ఎక్కువగా గుంజుకుంటుంది. పెట్రోలు ఎక్కువ వస్తే ఆవిరి అయ్యేది కూడా ఎక్కువే. మంట అంటుకుంటుంది. కొన్ని బండ్లలో ఈ రేకు ఉండదు. దానికి బదులు పెట్రోలు వచ్చే ఇంకో చిన్న దారి తెరుచుకుంటుంది. ఫలితం ఒకటే.

పెట్రోలు ట్యాప్ తిప్పండి. చోక్ వేయండి. ఎక్సిలేటర్ ముట్టకుండా రెండు మూడు కిక్కులు కొట్టండి. బండి లేచిన తర్వాత ఒక నిమిషం ఆగండి. చప్పుడు నిలకడగా వస్తుంటే చోక్ తీసేయండి. ఇప్పుడే తిరిగి వచ్చిన వేడి బండికి చోక్ అక్కరలేదు.

చాలామంది చోక్ తీయడం మరిచి అట్లనే పోతారు. గాలి ఆడని పొయ్యి ఎట్లా పొగ చిమ్ముతుందో బండి అట్లా నల్ల పొగ చిమ్ముతుంది. ప్లగ్‌కు మసి పడుతుంది. ఆ పొగలో పోయేది మీరు పైసలు పెట్టి పోయించిన పెట్రోలే.

ఒక్కోసారి పెట్రోలు వాసన గుప్పున వస్తుంది, బండి లేవదు. లోపల పెట్రోలు ఎక్కువైందన్న మాట. చోక్ తీసేయండి. కాసేపు ఆగండి. ఎక్సిలేటర్ పూర్తిగా తిప్పి పట్టుకొని కిక్కు కొట్టండి. అప్పటికీ లేవకపోతే ప్లగ్ విప్పి, తుడిచి, ఆరనివ్వాలి. ఆ సమయంలో దగ్గర బీడీ గాని, దీపం గాని ఉండొద్దు.

ఈ మాట రెండుసార్లు చదవండి. చలిగా ఉందని తలుపులు మూసిన ఇంట్లో, కొట్టంలో బండి స్టార్ట్ చేయకండి. బండి పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. చోక్ వేసినప్పుడు అది ఇంకా ఎక్కువ వస్తుంది. ముందు తలనొప్పి వస్తుంది, కళ్లు తిరుగుతాయి. ఆ తర్వాత స్పృహ తప్పుతుంది. ప్రాణం కూడా పోవచ్చు. పసిపిల్లలు పడుకున్న గదికి దూరంగా, బండిని బయటకు తెచ్చి స్టార్ట్ చేయండి.

2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో బండ్ల పొగకు బీఎస్-6 అనే కొత్త నియమాలు వచ్చాయి. ఆ తర్వాత వచ్చిన చాలా బండ్లకు కార్బ్యురేటర్ లేదు. ఎంత పెట్రోలు చల్లాలో ఒక చిన్న కంప్యూటర్ లెక్క కడుతుంది. చేతక్ పేరుతో 2020లో కరెంటు స్కూటర్ కూడా వచ్చింది. దానికి పెట్రోలే వద్దు! ఇంట్లో పాత బండి ఉన్నవాళ్లకు మాత్రం చోక్‌తో పని తప్పదు.

మీ బండికి చోక్ మీట ఎక్కడుంది? కొన్నింటికి హ్యాండిల్ దగ్గర, కొన్నింటికి సీటు కింద, కొన్నింటికి కార్బ్యురేటర్ మీదనే ఉంటుంది. వెతికి చూడండి. ఎటు తిప్పితే మూసుకుంటుందో నోటుబుక్కులో రాసుకోండి. కిందనే ఈ ప్రశ్నకు కూడా జవాబు రాయండి: వేడి బండికి చోక్ వేస్తే పొగ ఏ రంగులో వస్తుంది? ఎందుకు?