సగంలో ఆగిన క్షమాపణ

పటాన్‌చెరు

చిరంజీవికి, పెదనాన్న దీవెనలు.

పాశమైలారంలో షిఫ్టులకు వెళ్తూ నువ్వు చర్చికి రావడం మానేశావని, తాగుడు మొదలైందని, చిట్టీ కట్టమని ఇచ్చిన డబ్బు కూడా దానికే పోయిందని మీ అమ్మ చెప్పింది. అవన్నీ బాధపెట్టేవే. అంతకన్నా ఎక్కువ బాధపెట్టింది, "ముందు బాగుపడి, తర్వాత దేవుని దగ్గరికి వెళ్తా" అని నువ్వన్న మాట. ఈ ఉత్తరం ఆ మాట గురించే.

హైదరాబాదులోని హెబ్రోను ప్రార్థనా మందిరం పేరు నువ్వు వినే ఉంటావు. 1950లో దాన్ని మొదలుపెట్టిన భక్తసింగ్ గారు 1903లో పంజాబులో ఒక సిక్కు కుటుంబంలో పుట్టారు. మిషన్ బడిలో బహుమతిగా ఇచ్చిన బైబిలును చింపేసి, తోలు అట్ట బాగుందని దాన్ని మాత్రం ఉంచుకున్నారు. లండన్‌కు మెకానికల్ ఇంజనీరింగ్ చదవడానికి వెళ్ళి సిగరెట్టూ మద్యమూ అలవాటు చేసుకున్నారు. 1928లో కెనడా వెళ్ళే ఓడలో ఆరాధన జరుగుతుంటే వెళ్ళి కూర్చున్నారు. అందరూ మోకరించారు. ఆయనకు మనసొప్పలేదు. చివరికి మర్యాద కోసం మోకరించారు, ఆ క్షణంలోనే తన గర్వం కరిగిపోయిందని తర్వాత సాక్ష్యం చెప్పారు. మరుసటి ఏడాది విన్నిపెగ్‌లో ఒక స్నేహితుణ్ణి అడిగి కొత్త నిబంధన తీసుకుని, బాగా పొద్దుపోయేదాకా చదివారు. ఒకప్పుడు చింపిన చేతులతోనే ఆ పుస్తకం పట్టుకున్నారు. 1932లో వాంకూవర్‌లో బాప్తిస్మం పొందారు.

ఓడలో మోకరించిననాటి నుంచి బాప్తిస్మానికి మూడేళ్ళు దాటింది. బాగుపడ్డాక మోకరిద్దామని ఆయన ఆగి ఉంటే ఆ మూడేళ్ళు మొదలయ్యేవే కావు.

లూకా సువార్త పదిహేనో అధ్యాయం మరోసారి తీసి చూడు. పందుల దగ్గర కూర్చున్న కొడుకు తండ్రికి చెప్పవలసిన మాటలు ముందే అనుకుంటాడు: పాపం చేశాను, కొడుకుననిపించుకోవడానికి తగను, కూలివాళ్ళలో ఒకడిగా పెట్టుకో. తండ్రి ఎదురొచ్చి కౌగిలించుకున్నాక మొదటి రెండూ చెప్పగలిగాడు. మూడోది నోట్లోనే ఉండిపోయింది, ఈలోగా తండ్రి మంచి బట్టలు తెమ్మంటున్నాడు! కాంట్రాక్టు కూలీ అంటే ఏమిటో పటాన్‌చెరులో బతికే నీకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పని నచ్చినంతకాలమే గేటు లోపలికి రానిస్తారు. ఆ కొడుకు అడగబోయింది అలాంటి ఒప్పందమే. "ముందు బాగుపడతా" అని నువ్వు దేవుణ్ణి అడుగుతున్నదీ అదే. ఆయన దానికి ఒప్పుకోడు, నాయనా.

అలాగని చిట్టీ డబ్బు మాఫీ అయిపోదు. యేసు సుంకరి జక్కయ్య ఇంట్లో అడుగుపెట్టాకే, అతను అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు. అతను ఇచ్చిన మాట క్షమాపణకు ధర కాదు, క్షమాపణ దొరికినవాడి సంతోషం. నువ్వూ అమ్మతో నిజం చెప్పి, జీతంలోంచి నెలనెలా తీర్చు.

ప్రార్థనకు పెద్ద మాటలు వెతుక్కోకు. నైట్ షిఫ్ట్ నుంచి వచ్చి పడుకునే ముందు 51వ కీర్తన పైకి చదువు. నాతాను ప్రవక్త గద్దించాక దావీదు పాడుకున్నదని దానికి పేరు. దావీదు చేసిన తప్పు చోట నీ తప్పు పెట్టి, దాని పేరు చెప్పు. "ఏవో పొరపాట్లు" అని దాటేయకు.

తాగుడు విషయంలో డాక్టరు దగ్గరికి వెళ్ళడం విశ్వాసం తక్కువై కాదు. రోజూ తాగేవాడు ఒక్కసారిగా ఆపేస్తే వణుకు, ఫిట్స్ కూడా రావచ్చు. ప్రార్థన చేసుకునే వెళ్ళు.

ఇక చర్చిలో ఎవరేమనుకుంటారోనన్న బెంగ. మన సి.ఎస్.ఐ. ఆరాధనలో ప్రభువు బల్లకు ముందు పాపాల ఒప్పుకోలు అందరం కలిసి చెబుతాం, అయ్యగారితో సహా. ఆ ప్రార్థన తప్పు చేయనివాళ్ళ కోసం రాసింది కాదు. ఆదివారం పొద్దున డ్యూటీ దిగితే కంపెనీ బట్టల్లోనే వచ్చెయ్. మధ్యాహ్నం మా ఇంట్లో భోంచేద్దువుగాని. చిట్టీవాళ్ళకు ఎంత బాకీయో కాగితం మీద రాసి తీసుకురా, వాళ్ళతో మాట్లాడడానికి పెదనాన్న నీ వెంట వస్తాడు.

నీ పెదనాన్న