కప్పు మార్చాలంటే ముందు గోడనడగాల

అక్కా, చెల్లెమ్మా, ఈ మాటు చీరల మాటలు, పిండివంటల మాటలు పక్కనబెట్టి నెత్తిమీది కప్పు సంగతి మాట్లాడుకుందాం. మన పూతలపట్టు చుట్టుపక్కల ఏ పల్లెలో అడుగుపెట్టినా ఇదే ముచ్చట. “ఈ వానలు దాటనీ, సంక్రాంతి కానిచ్చి పాత కప్పు పీకేసి స్లాబు వేసేద్దాం” అని మగవాళ్లు అరుగుమీద కూర్చుని తేల్చేస్తారు. అక్కడి నుంచి జరిగేదంతా ఇంట్లో ఉన్న ఆడమనిషి మీద పడుతుంది. వంటిల్లు ఎక్కడికి మార్చేది, బియ్యం డ్రమ్ము ఎవరింట్లో పెట్టేది, కూలీలకు టీ నీళ్లు ఎవరు కాచేది, మెడలో గొలుసు ఎప్పుడు తీసివ్వాల్సి వచ్చేది, అన్నీ మనవే. మరి తేల్చే మాటలో మనం లేకపోతే ఎట్లా?

మన వైపు వాన తీరే వేరు. అసలు దెబ్బంతా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉంటుంది. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందంటే ఇక ముసురే, గోడలు నానిపోతాయి. 2021 నవంబరు మీకందరికీ గుర్తే ఉంటుంది. తిరుపతి వీధులు ఏరులై పారినాయి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది పల్లెలను ఖాళీ చేయించినారు. తిరిగి 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను. అట్లాంటి వాన వచ్చిపోయిన ప్రతిసారీ మన పాత ఇండ్లకు ఒక్కో కొత్త మచ్చ పడుతుంది.

ఆ ఇండ్లు ఎన్ని రకాలో చూడండి. మన అవ్వల కాలంనాటి మట్టిమిద్దె ఒకటి. దూలాల మీద దంతెలు పరిచి, వాటిమీద తడికె, ఆ పైన మట్టి, అన్నిటికన్నా పైన చౌడు. ఆ చౌడు నీళ్లను లోపలికి దిగనీయదు. వానలకు ముందే కొత్త చౌడు తెచ్చి మిద్దెమీద చల్లుకునేవాళ్లు. ఇప్పుడు చౌడు తోలేవాళ్లూ లేరు, మిద్దెక్కి సరిచేసే వాళ్లూ లేరు. ఇంకొంచెం కలిగిన ఇండ్లల్లో మద్రాసు మిద్దె. టేకు దూలాల మీద పలుచటి ఇటుకలను నిలువుగా సున్నంతో పేర్చి, పైన ఇటుకముక్కలు సున్నం కలిపి పోసి, కరక్కాయ, బెల్లం నీళ్లు చల్లుతూ ఆడకూలీలు రోజుల తరబడి కట్టెపలకలతో దంచి గట్టిచేసిన పని అది. తర్వాత పెంకుటిండ్లు. 1865లో మంగళూరులో బాసెల్ మిషన్ వాళ్లు పెట్టిన కార్ఖానాతో మొదలై దక్షిణాదంతా పాకిన ఆ పలక పెంకులు ఇప్పటికీ మన ఊళ్లల్లో కనబడతాయి. వాటికి కోతులే శత్రువులు. మందగా వచ్చి ఈ ఇంటిమీది నుంచి ఆ ఇంటిమీదికి దూకినాయంటే పెంకులు పగిలిపోతాయి, ఆ రాత్రే వాన వస్తే తెల్లారేదాకా గిన్నెలు పెట్టుకుంటూ తిరగాల్సిందే. చివరికి సిమెంటు రేకులు, 1980లు, 90లలో వేసిన తొలి స్లాబులు.

వీటన్నిటికీ ఒకే మందు అన్నట్టు “స్లాబు వేసేయండి” అంటారు. ఆ ఒక్క మాట దగ్గరే నేను చెయ్యెత్తి ఆపుతాను.

అయిదంగుళాల కాంక్రీటు స్లాబు చదరపు అడుగుకు దగ్గరదగ్గర 29 కిలోల బరువు. 600 అడుగుల ఇల్లయితే 17 టన్నులు దాటుతుంది. అదే కట్టెలతో కలిపి చూసినా పెంకు కప్పు అడుగుకు అయిదారు కిలోలు, సిమెంటు రేకు కిలో చిల్లర. నలభై యాభై ఏండ్ల కిందట మట్టితో, రాళ్లతో పెట్టిన గోడ, పునాది అడుగున్నర లోతు కూడా లేని గోడ, పెంకులు మోయడానికే కట్టింది. దాని మీద 17 టన్నులు పెట్టడమంటే ముసలెద్దుకు చెరకు బండి కట్టడమే. స్లాబు పడిన మొదటి ఏడు ఏమీ తెలీదు. రెండో ఏటి ముసురుకు తలుపు మూలల దగ్గర నుంచి ఏటవాలుగా పగుళ్లు పాకుతాయి.

అందుకని బేల్దారి మేస్త్రి వచ్చి టేపు తీసేలోపే అడగండి. “అన్నా, కప్పు సంగతి తర్వాత, గోడ పక్కన ఒకచోట తవ్వి పునాది చూపించు” అనండి. గోడ సందుల్లో మేకు పెట్టి గీకండి. పొడిపొడిగా మట్టి రాలితే ఆ గోడ స్లాబును నమ్ముకోదగ్గది కాదు. అప్పుడు రెండే దారులు. మూలల్లో పునాది తీసి కాంక్రీటు స్తంభాలు లేపి, వాటిమీద బీము కట్టి, స్లాబు బరువంతా స్తంభాలకు అప్పజెప్పడం ఒకటి. దానికి ఖర్చు బాగా పెరుగుతుంది, ఇది దాచిపెట్టి చెప్పేవాళ్లను నమ్మొద్దు. రెండోది, తేలిక కప్పుతోనే సరిపెట్టుకోవడం. పుచ్చిన దంతెలు మార్చి, పెంకు తిరగేయించి, పగిలినవి తీసేయడం చిన్నతనమేమీ కాదు. ఎండాకాలంలో ఆ పెంకుటింట్లో ఉండే చల్లదనం స్లాబు ఇంట్లో దొరకదు. “వాళ్లింటికి స్లాబు పడింది, మనకు ఇంకా పెంకులే” అని కుములుతున్న చెల్లెమ్మలకు నేను చెప్పేది ఇదే. గోడ ఒప్పుకోని చోట పరువు కోసం స్లాబు వేయించొద్దు.

పాత స్లాబు పెచ్చులూడుతుంటే మటుకు వెంటనే పీకేయాలని భయపడకండి. లోపలి కమ్మి తుప్పు పట్టి ఉబ్బి కాంక్రీటును బయటికి నెట్టేస్తుంది, పెచ్చు అందుకే రాలుతుంది. సుత్తితో మెల్లగా తట్టించి చూడండి, డొల్ల శబ్దం ఎంత మేర వస్తుందో తెలుస్తుంది. కొద్ది చోట్లే అయితే ఊడేదంతా తీసి, తుప్పు గీకి, మందు పూసి, మరమ్మతు గచ్చు వేయొచ్చు. కమ్మి సన్నబడి తీగలా మిగిలిందంటే ఇక మార్చడమే.

ఇప్పుడు లెక్క. 600 అడుగుల మీద అయిదంగుళాల స్లాబంటే సుమారు 250 ఘనపుటడుగుల కాంక్రీటు. దానికి 56, 57 మూటల సిమెంటు, దాదాపు 570 కిలోల కమ్మి, ఒక యూనిట్ ఇసుక, రెండు యూనిట్ల జల్లి. సిమెంటు మూట 350, కమ్మి కిలో 60 అని లెక్కేసుకున్నా ఈ రెండింటికే దాదాపు 54 వేలు అవుతుంది. సిమెంటు మీద జీఎస్‌టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాస్తా 18 శాతమైంది, కమ్మి మీద మాత్రం 18 అట్లాగే ఉంది. ఇసుక ఉచితమని 2024 జులై నుంచి ప్రభుత్వం ఇస్తోంది గానీ ఎత్తుడు కూలి, బండి బాడుగ మనవే. ఇంతవరకు అందరూ చెబుతారు. చెప్పనివి వేరే ఉన్నాయి. పాత కప్పు దించే కూలి, ఆ మట్టి తోలే ట్రాక్టరు, సెంట్రింగు బాడుగ, కరెంటు పైపులు, ఫ్యాను కొక్కేలు, కింద పూత, పైన నీళ్లు దిగకుండా వేసే పొర, పిట్టగోడ, మెట్లు. “అడుగుకు ఇంత” అని మేస్త్రి చెప్పినప్పుడు ఇవన్నీ అందులో ఉన్నాయా లేవా అని ఒక్కొక్కటే అడిగి కాగితం మీద రాయించుకోండి. సిగ్గుపడొద్దు.

పాత కట్టె మాట విడిగా చెప్పాలి. “దించిన కట్టె, పెంకు మేస్త్రికే, కూలి కొంచెం తగ్గిస్తాడు” అని ఒప్పందం చేసేస్తారు చూడండి, అక్కడ చాలా పోతుంది. మా బంధువుల ఇంట్లో మిద్దె దించేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. చౌడు, మట్టి కిందికి కుమ్మరిస్తుంటే ఇల్లంతా పొగమంచులా దుమ్ము. తడికెల్లో నుంచి తేళ్లు. ఆ దుమ్ము అణిగినాక కనబడినాయి దూలాలు, పొయ్యి పొగకు నల్లగా నిగనిగలాడుతూ, ఉయ్యాల కొక్కెం ఇంకా దిగబడే ఉంది. వడ్రంగి వచ్చి ఉలితో ఒక చోట గీకితే లోపల పసుపచ్చగా టేకు, పురుగు ముట్టలేదు. ఆ దూలాలతోనే వాకిళ్లూ కిటికీలూ చేయించుకున్నారు. ఈ కాలంలో అంత చేవ తేలిన టేకు కొనాలంటే మాటలా?

సిమెంటు రేకులు దించే ఇండ్లకు ఇంకో హెచ్చరిక. చాలా పాత రేకుల్లో ఆస్‌బెస్టాస్ నార ఉంటుంది. పగలగొట్టినా, కోసినా, రంధ్రం వేసినా కంటికి కనబడనంత సన్నగా గాలిలోకి లేస్తుంది. ఊపిరితిత్తులకు క్యాన్సరు తెచ్చే వస్తువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, ఆ జబ్బు బయటపడేది కూడా ఏండ్లూ పూండ్లూ గడిచినాకే. కాబట్టి సుత్తితో కొట్టించొద్దు. నీళ్లు చల్లి తడిపి, బోల్టులు విప్పించి, రేకును రేకుగానే దించమనండి. పిల్లలను ఆ రోజు పక్కింటికి పంపేయండి. ముక్కలను దొడ్లో కాలువకు అడ్డం పెట్టడం, బాట మీద పరచడం వద్దే వద్దు. ఆ దుమ్ము పడిన బట్టలు ఇంటి గుడ్డలతో కలిపి ఉతకొద్దు, మొదట ఆ దుమ్ము పీల్చేది ఉతికే మనమే.

స్లాబు పడే రోజు ఇంట్లో పెండ్లి హడావిడి. గుమ్మడికాయ, కొబ్బరికాయ, కూలీలకు మాంసం కూర. ఆ సందట్లోనే పని చెడేది కూడా. మిక్సరు దగ్గర ఒక మనిషిని నిలబెట్టండి. మూటకు 30 లీటర్లకు మించి నీళ్లు పోయకూడదని ఎం20 రకం కాంక్రీటుకు లెక్క, అందులో ఇసుకలో ఉన్న తడి కూడా కలిసే. జారుగా ఉంటే పరచడానికి సులువని ఇంకో బక్కెట్టు గుమ్మరిస్తారు, స్లాబు బలం అక్కడే పోతుంది. కమ్మి కింద 20 మిల్లీమీటర్ల సిమెంటు బిళ్లలు పెట్టినారో లేదో పోయకముందే వంగి చూడండి. కమ్మి పలకకు ఆనుకుని ఉంటే పదేండ్లలో మళ్లీ పెచ్చులే.

మర్నాటి నుంచి మన పని. స్లాబు చుట్టూ మట్టిగట్టు కట్టి నీళ్లు నిలపాలి. తక్కువలో తక్కువ ఏడు రోజులు, ఇప్పుడు దొరికే కలగలుపు సిమెంట్లకు, మన ఎండలకు పది రోజులు. 600 అడుగుల మీద రెండంగుళాల నీళ్లంటే 2,800 లీటర్లు. బోరు ఎండిపోయిన వీధిలో ఆ నీళ్లు ఎవరు మోస్తారు? మా పిన్నమ్మ తెల్లారుజామున లేచి నిచ్చెనెక్కి బిందెలు పోసేది, పగలు నీళ్లు ఇంకిపోకుండా తడి వరిగడ్డి కప్పేది. “పిల్లోళ్లకు నీళ్లు పోసినట్టే పోయాల మే, మరిస్తే ఎండకు నెర్రెలిస్తాది” అనేది. అందుకే నీళ్ల ట్యాంకరు ఖర్చు ముందే లెక్కలో రాయండి, అది ఆడమనిషి నడుము మీద పడేసే ఖర్చు కాదు.

ఇక డబ్బు. ప్రభుత్వం ఇస్తుందిలే అనుకుంటే చాలామటుకు నిరాశే. పీఎంఏవై గ్రామీణ కింద మైదాన ప్రాంతంలో ఇచ్చే 1.20 లక్షలు పక్కా ఇల్లు లేనివాళ్లకు ఇల్లు కట్టుకోవడానికి, ఉన్న ఇంటి కప్పు మార్చుకోవడానికి కాదు. వానకు ఇల్లు కొంత దెబ్బతింటే, కనీసం 15 శాతం నష్టముంటే, 2022-26 విపత్తు సాయం నిబంధనల ప్రకారం పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000. ఆ డబ్బుతో కప్పులో ఒక మూల కూడా తేలదు. అయినా వాన వెలిసిన రోజే ఫోటోలు తీసి సచివాలయంలో దరఖాస్తు ఇచ్చి రాండి, మన హక్కు మనం వదులుకోకూడదు.

మిగిలేది మామిడి డబ్బు, డ్వాక్రా అప్పు, మెడలో బంగారం. 2025లో తోతాపురి ధర ఏమైందో మనకు తెలుసు. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతుందని ప్రకటించాల్సి వచ్చింది. అట్లాంటి ఏట కాయ మీద నమ్మకం పెట్టుకుని కప్పు పీకేస్తే, ఆకాశం కింద వానల్లో పడతాం. నా మాటగా చెబుతున్నాను, చేతిలో డబ్బు సగమైనా లేకుండా పాత కప్పు దించనీయొద్దు. గోడ గట్టిదైతే, సామాను సమకూడితే, సంక్రాంతి తర్వాత మొదలుపెట్టి ఎండలు ముదిరేలోపు ముగించండి.

బంగారం పెట్టక తప్పకపోతే బ్యాంకులోనే పెట్టండి, మీ పేరుతోనే పెట్టండి. వడ్డీ ఎంత, ఏ నెలలోగా విడిపించాలి, ఏ రాబడితో విడిపిస్తాం, ఈ మూడూ ఇంటాయన నోట చెప్పించుకుని మేస్త్రి లెక్క కాగితం మీదే రాయండి. తాకట్టు రసీదు మీ బీరువాలో ఉండాలి.